బుద్ధుడి విగ్రహం కొనే ముందు టేపు తీయండి

పల్నాడులో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరయ్యాను. మాచర్లలో ఉంటాం. రాతిబొమ్మలకు పేరున్న దుర్గి మాకు దగ్గరే. అందుకని మా పాత స్టూడెంట్లకీ, చుట్టాలకీ, చుట్టాల కోడళ్లకీ బుద్ధుడి బొమ్మ అనగానే నేను గుర్తొస్తాను. "టీచర్, ధ్యానానికి ఒక మూల సర్దుకున్నాం, మంచి బుద్ధుణ్ణి చూపించండి" అని హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో ఫోను. ఆ వెంటనే వాట్సాప్‌లో ఓ పది ఫోటోలు, కింద "ఏది బావుంది?" అని.

అన్నీ బాగానే ఉంటాయి. ఫోటోలో బాగోని బుద్ధుడు ఎక్కడుంటాడు? నేను తిరిగి అడిగేది ఒక్కటే: నువ్వు కూర్చునేది నేల మీదా, కుర్చీలోనా? సగం మంది దగ్గర జవాబుండదు. బొమ్మ ఇంటికొచ్చాక చోటు చూద్దాంలే అనుకుంటారు. నా పద్ధతి దీనికి తలకిందులు. ముందు చోటు, తర్వాత ఆ చోట్లో మీ కంటి ఎత్తు, ఆ తర్వాతే విగ్రహం.

ముందు ఖాళీ గోడ ముందు కూర్చోండి

మీరనుకున్న మూలలో రోజూ వేసుకునే చాపో, మడతపెట్టిన దుప్పటో వేసుకుని పావుగంట కూర్చోండి. ఎదురుగా ఖాళీ గోడే ఉండనివ్వండి. పక్కింటి మిక్సీ చప్పుడు ఏ గోడలోంచి వస్తోందో, కిటికీ ఎండ ఏ వేళకి కళ్లల్లో పడుతుందో, ఫ్యాను గాలికి దీపం నిలబడుతుందో లేదో ఆ పావుగంటలో తేలిపోతుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఉండి, ఇంట్లో ఎవరినైనా పిలిచి, నేల నుంచి మీ కంటి దాకా టేపుతో కొలిపించండి. నేల మీద కూర్చునేవాళ్లకు సుమారుగా 28 నుంచి 32 అంగుళాలు వస్తుంది. మోకాళ్ల నొప్పులతో కుర్చీలో కూర్చునే నాలాంటివాళ్లకు 44, 46 అలా వస్తుంది.

బుద్ధుడి ముఖం మీ కంటికి సమానంగానో, నాలుగైదు అంగుళాలు పైనో ఉండాలి. ఇది మర్యాద కోసమే అనుకోకండి. ధ్యానంలో ఉన్న విగ్రహానికి రెప్పలు సగం వాలి, చూపు ముక్కు కొస మీదుగా కిందికి దిగుతుంది. ఆయన కాస్త ఎత్తులో ఉంటే ఆ చూపు వచ్చి కూర్చున్న మనిషి మీద పడుతుంది. నేల మీద పెట్టారా, ఆయన మీ చాప అంచుని చూస్తుంటాడు, మీరు ఆయన నడినెత్తి చూస్తుంటారు. తలుపు పైన అరలో పెట్టారా, మీకు గడ్డమూ ముక్కు రంధ్రాలూ తప్ప ఏమీ కనపడవు.

లెక్క కష్టమేం కాదు. అడుగు ఎత్తున్న, కూర్చున్న విగ్రహానికి ముఖం మధ్యభాగం పీఠం అడుగు నుంచి 9, 10 అంగుళాల దగ్గర వస్తుంది. మీ కంటి ఎత్తు 30 అంగుళాలనుకోండి. రెండడుగుల బల్ల మీద పెడితే ముఖం 33, 34 దగ్గరకొస్తుంది. సరిపోయింది. కుర్చీవాళ్లకు బల్ల 40 అంగుళాలుండాలి. నిలబడ్డ బుద్ధుడికి ముఖం దాదాపు పైకొసలో ఉంటుంది కాబట్టి ఆ మేరకు బల్ల తగ్గించుకోవాలి.

ఇక దూరం. బొమ్మ గీసేటప్పుడు వస్తువు ఎత్తుకి మూడు రెట్ల దూరంలో కూర్చుంటేనే అది మొత్తంగా కంటికి ఆనుతుందని పిల్లలకు చెప్పేదాన్ని. ఇక్కడా అదే సూత్రం. అడుగు విగ్రహానికి మూడు నాలుగు అడుగుల దూరం చాలు. రెండడుగుల విగ్రహం కావాలంటే ఆరేడు అడుగులు కావాలి, అపార్టుమెంటు పడగ్గదిలో అంత చోటు ఎక్కడిది? అందుకే చాలామందికి అడుగు విగ్రహమే చెప్తాను. పెద్దది కొంటే భక్తి పెద్దదేం అవదు.

రెండో ప్రశ్న ఎప్పుడూ దిక్కు గురించే వస్తుంది. బోధగయలో బోధివృక్షం కింద ఆయన తూర్పు ముఖంగా కూర్చున్నాడని సంప్రదాయం. అక్కడి మహాబోధి ఆలయంలో విగ్రహం కూడా తూర్పుకే చూస్తుంది. కుదిరితే అలా పెట్టుకోండి, కుదరకపోతే బెంగపడకండి. బాత్రూం పైపులు పోయే గోడకు మాత్రం ఆనించొద్దు, చెమ్మకు రాయి మీద తెల్లటి ఉప్పు పొంగుతుంది. పడుకుంటే కాళ్లు ఆయన వైపు వచ్చేలా కూడా వద్దు. శ్రీలంకలో, థాయిలాండ్‌లో విగ్రహం వైపు కాళ్లు చాపడాన్ని చాలా అమర్యాదగా చూస్తారు. మన పెద్దవాళ్లూ అలాగే చూస్తారనుకోండి.

ఈమధ్య కొత్త ఫ్లాట్లలో ఒకటి చూస్తున్నాను. తలుపు తీయగానే చెప్పుల స్టాండు, దాని మీద బుద్ధుడు. "ఎంట్రన్స్‌లో పీస్‌ఫుల్‌గా ఉంటుందని డిజైనర్ చెప్పాడు" అంటారు. కింద అరలో ఇంటిల్లిపాది బూట్లు. ఆ డిజైనరు తన తాతగారి ఫోటో అక్కడ పెట్టుకుంటాడా అని అడగాలనిపిస్తుంది.

ఏ బుద్ధుడు

చేతులు చూడండి. ఒళ్లో ఎడమ అరచేతిపై కుడి అరచెయ్యి, రెండూ పైకి తిరిగి ఉంటే ధ్యానముద్ర. కుడిచెయ్యి మోకాలి మీంచి జారి వేళ్లు నేలను తాకుతుంటే భూమిస్పర్శ ముద్ర. ధ్యానం చెడగొట్టాలని మారుడు ఎదురొచ్చి నీకు సాక్షి ఎవరని నిలదీస్తే భూమిని సాక్ష్యానికి పిలిచిన ఘట్టం అది. కుడి అరచెయ్యి ఎత్తి మనవైపు చూపిస్తే అభయముద్ర. హుస్సేన్‌సాగర్ మధ్యలో నిలబడ్డ ఏకశిలా బుద్ధుడి చెయ్యి గుర్తు తెచ్చుకోండి. రెండు చేతులూ ఛాతీ దగ్గర చక్రం తిప్పుతున్నట్టుంటే ధర్మచక్ర ముద్ర, సారనాథ్ విగ్రహంతో లోకమంతా తెలిసింది ఇదే.

రోజూ ఎదురుగా కూర్చుని కళ్లు మూసుకునేవాళ్లకు నా ఓటు ధ్యానముద్రకే. అల్లరి మనసువాళ్లకు, అంటే కూర్చున్న రెండో నిమిషంలో గ్యాస్ కట్టేశానా లేదా అని లేచేవాళ్లకు, భూమిస్పర్శ బావుంటుందని నా అభిప్రాయం. ఇది శాస్త్రంలో ఉందా అని అడక్కండి. ఆ చెయ్యి చూస్తే నాకు నేల మీద కూర్చున్నానన్న ధ్యాస వస్తుంది, అంతే. అభయముద్ర హాల్లోకి, నలుగురూ వచ్చిపోయే చోటుకి నప్పుతుంది.

మనవాళ్లకు మనదే అయిన మరో రూపం ఉంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు చెక్కిన నిలువు బుద్ధుడు. కుడి భుజం మీద వస్త్రం ఉండదు. ఎడమ భుజం మీంచి చీవరం, అంటే భిక్షువులు కప్పుకునే వస్త్రం, మడతలు మడతలుగా దిగుతుంది. ఎడమచెయ్యి పైకెత్తి ఆ చీవరం కొసను పట్టుకుంటుంది. కింద పాదాల దగ్గర అంచు లావుగా వంపు తిరుగుతుంది. జుట్టు నత్తగుల్లల్లా చిన్నచిన్న ఉంగరాలు. ఈ పద్ధతే సముద్రం దాటి శ్రీలంకకు, ఆగ్నేయాసియాకు పోయింది. నాగార్జునసాగర్‌లో 2022లో తెరిచిన బుద్ధవనంలో శ్రీలంక అవుకన బుద్ధుడికి నకలు నిలబెట్టారు. వెళ్లినప్పుడు ఆ మడతలు చూడండి, మనవాళ్లతో చుట్టరికం తెలిసిపోతుంది. నిలువు బుద్ధుడు కావాలనుకుంటే దుర్గిలో ఈ పద్ధతి విగ్రహమే అడగండి. మా ఇంట్లో ఉన్నదీ అదే, పక్కన అంబేడ్కర్ ఫోటో.

షాపులో బుద్ధుడని ఇచ్చేవన్నీ బుద్ధుడు కాదు. ధ్యానంలో కూర్చుని, ఒంటి మీద బట్ట గీత లేకుండా, ఛాతీ మధ్య చిన్న గుర్తు ఉంటే ఆయన జైన తీర్థంకరుడు. ఆ గుర్తు శ్రీవత్సం. బుద్ధుడికైతే ఎడమ భుజం మీంచి ఛాతీకి అడ్డంగా చీవరం అంచు కనపడి తీరాలి, లేదా రెండు భుజాలూ కప్పి మెడ దగ్గర అంచు ఉండాలి. కిరీటం, హారాలు ఉంటే ఎక్కువసార్లు బోధిసత్త్వుడు, అంటే బుద్ధుడు కాబోయేవాడు, అయి ఉంటాడు. ఎడమచేతిలో గిన్నె, కుడిచేతిలో మొక్క ఉంటే టిబెట్ వాళ్లు కొలిచే వైద్య బుద్ధుడు. ఇక బొజ్జ వేసుకుని, సంచీ పట్టుకుని నవ్వే 'లాఫింగ్ బుద్ధ' అసలు గౌతముడే కాదు. ఆయన బుడై అనే చైనా సన్యాసి, పదో శతాబ్దం మనిషి. రాబోయే మైత్రేయ బుద్ధుడి అవతారమని అక్కడివాళ్లు నమ్ముతారు. గృహప్రవేశాలకు ఆయన్ని తెగ బహుమతిస్తారు. వస్తే సంతోషంగా తీసుకోండి, షోకేసులో పెట్టుకోండి. ధ్యానానికి ఎదురుగా మాత్రం ఆ నవ్వు కుదరదు.

ఒట్టి తలకాయ విగ్రహాలు నేను కొనిపించను. మొండెం లేని తలలు మార్కెట్లోకి ఎలా వచ్చాయో ఒకసారి ఆలోచించండి. థాయిలాండ్‌లో అయుత్తయ లాంటి చోట్ల ఉన్న శిథిలాల్లో తలలు తెగిన బుద్ధుళ్లు ఇప్పటికీ వరసగా కూర్చుని ఉంటారు. దొంగలు మోయగలిగింది నరుక్కుపోయారు, అవి సంపన్నుల ఇళ్లల్లో అలంకారాలయ్యాయి, ఆ ఫ్యాషన్ చూసి ఇప్పుడు అచ్చులు పోస్తున్నారు. అందంగానే ఉంటాయి, కాదనను.

విపశ్యన ధ్యానం కోర్సు చేసొచ్చినవాళ్లు "అక్కడ హాల్లో విగ్రహమే లేదు కదా టీచర్" అంటారు. నిజమే. ఆ కోర్సులు మొదలుపెట్టిన గోయెంకా గారి పద్ధతిలో ధ్యానమందిరాల్లో విగ్రహాలు, పటాలు పెట్టరు. అమరావతి స్తూపం మీద తొలినాటి శిల్పులు కూడా ఆయన్ని మనిషిగా చెక్కలేదు. ఖాళీ సింహాసనం, బోధివృక్షం, చక్రం, పాదాలు, ఇవే ఆయన. ఇల్లు మరీ ఇరుకైతే, లేదా ఇంట్లో ఒకరికి విగ్రహం ఇష్టం లేకపోతే, పలక మీద చెక్కిన బుద్ధపాదాలు తీసుకోండి. అంగుళం మందం, గోడకు ఆనించినా సరిపోతుంది. పైగా మన గడ్డ మీద విగ్రహం కంటే ముందు ఉన్నది అదే.

రాయి, ఇత్తడి, రెజిన్

మా మేనకోడలికి రాతి విగ్రహం చేయించడానికి దుర్గి వెళ్లాం. అక్కడి పనంతా మెత్తటి సున్నపురాయి మీద. శిల్పి అప్పటికే ఒళ్లంతా చెక్కేసి ముఖం పని మీద ఉన్నాడు. తడిగుడ్డతో ముఖం తుడిచాడు. తడికి రాయి రంగు ముదిరి గీతలన్నీ తేలాయి. చిటికెన వేలంత ఉలి పట్టుకుని, సుత్తితో కొట్టకుండా అరచేత్తోనే నొక్కుతూ కింది రెప్ప గీత లాగాడు. ఉఫ్ అని ఊది, మళ్లీ తడిపి, పక్కకెళ్లి చూశాడు. మా మేనకోడలు ఊరుకోక "అన్నా, స్మైల్ ఇంకొంచెం ఎక్కువ పెట్టవా" అంది.

"నవ్వు పెదాల్లో చెక్కితే తిరనాళ్ల బొమ్మయిపోద్దమ్మా. అది బుగ్గలో రావాల. చూడు" అని బుగ్గ కింద, పెదవి చివర పక్కన, పొడి ఆకురాయితో నాలుగుసార్లు రుద్దాడు. పెదవి గీత ముట్టనేలేదు. కొంచెం లోతు పడింది, అంతే, ముఖం మారిపోయింది.

కాబట్టి ముఖం కొనండి, మిగతాదంతా దానితో పాటు వస్తుంది. షాపులో సెల్‌ఫోను టార్చి వేసి, ముందు పైనుంచి, తర్వాత కుడి పక్క నుంచి, ఎడమ పక్క నుంచి ముఖం మీద వెలుగు తిప్పండి. మంచి పనైతే ప్రతి కోణంలోనూ ప్రశాంతంగానే ఉంటుంది. నాసి పనైతే ఒక పక్క వెలుగుకి మెల్లకన్నూ, వంకర మూతీ బయటపడిపోతాయి. తర్వాత ఫోనుని గుండు కట్టిన దారంలా నిలువుగా పట్టుకుని ఒక కన్ను మూసి చూడండి: ముక్కు, గడ్డం, బొడ్డు ఒకే గీత మీదున్నాయా, చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా, మోకాళ్లు సమానమా. పక్కనుంచి చూస్తే వెన్ను నిటారుగా ఉండాలి. చవక విగ్రహాల్లో తల ముందుకు పొడుచుకొచ్చి, కంప్యూటరు ముందు కూర్చున్న ఉద్యోగిలా ఉంటుంది. దాన్ని రోజూ చూస్తే మీ వెన్నూ అలాగే వంగుతుంది. చేతివేళ్లు కూడా విడివిడిగా చూడండి. పనివాడు తొందరపడ్డాడా లేదా వేళ్లే చెప్తాయి.

రాతిలో పగుళ్లు వెతకడానికి శిల్పిని అడిగి విగ్రహమంతా నీళ్లతో తడిపించండి. పైన తడి ఆరిపోతుంటే పగులున్న చోట మాత్రం సన్నటి నల్ల గీతలా తడి ఇంకా మిగిలి ఉంటుంది. వేలి కణుపుతో తట్టండి. గట్టి రాయి కంగుమంటుంది, లోపల చీలిక ఉంటే బొంగురుగా మోగుతుంది. మెడ, మణికట్టు, చెవి తమ్మెలు ముందుగా విరిగే చోట్లు.

బయట 'మార్బుల్' అని అమ్మేవాటిలో చాలా వరకు పాలరాతి పొడి కలిపిన రెజిన్. అరచేతిలో కాసేపు పట్టుకుంటే రాయి చల్లగానే ఉంటుంది, రెజిన్ వెచ్చబడుతుంది. చెవుల వెనక, భుజాల పక్కన అచ్చు అతుకు గీత కనపడుతుంది. అడుగున మఖమల్ గుడ్డ అంటించి ఉంటే ఒక మూల ఎత్తి చూపించమనండి. రెజిన్ కొంటే తప్పేం లేదు. అద్దె ఇళ్లు మారేవాళ్లకు, ఇంట్లో చంటిపిల్లలున్నవాళ్లకు తేలిగ్గా ఉంటుంది. రెజిన్ ధర ఇచ్చి రెజిన్ కొనండి, రాతి ధర ఇచ్చి కాదు.

ఇత్తడికి జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్లండి. ఇత్తడిని, కంచుని అది పట్టుకోదు. పట్టుకుందంటే పైపూత కింద ఇనుముంది. పంచలోహం అన్న మాట విని తొందరపడకండి, పంచలోహమని ఇత్తడి అంటగట్టేవాళ్లున్నారు. విగ్రహం వెనక, చంకల్లో, పీఠం లోపలి వైపు సూది రంధ్రాలు, పుట్టీ పూసిన మచ్చలు ఉన్నాయేమో చూడండి. పోత సరిగ్గా పోయకపోతే అక్కడే దొరుకుతుంది.

నేపాల్ రాగి విగ్రహాలు వేరే దారి. పాటన్‌లో శాక్య కుటుంబాలవాళ్లు మైనపు అచ్చు పద్ధతిలో పోసి బంగారు పూత వేస్తారు. ముఖానికి బంగారు పొడి విడిగా పూసి కళ్లు, పెదాలు రంగులతో దిద్దుతారు. ఆ ముఖాన్ని వేలితో తాకకూడదు. అడుగు రేకు మూసి, దాని మీద వజ్రాయుధాల గుర్తు చెక్కి ఉంటే లోపల మంత్రాలు రాసిన కాగితపు చుట్టలు నింపి ఉంటారు. ఏముందో చూద్దామని ఊడదీయకండి.

ఎవరైనా "ఇది తవ్వకాల్లో దొరికింది, చాలా పాతది" అని గుసగుసగా చెప్తే అక్కణ్ణుంచి లేచి రండి. నూరేళ్లు దాటిన శిల్పం 1972 చట్టం కింద పురావస్తువు. దాన్ని అమ్మడానికి లైసెన్సు కావాలి, దగ్గరుంచుకోవాలంటే రిజిస్టరు చేయించాలి, దేశం దాటించడం నేరం. ప్రకాశం జిల్లా చందవరం స్తూపం నుంచి దొంగలెత్తుకుపోయిన సున్నపురాతి పలక ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాకా వెళ్లింది. 2016లో వాళ్లు మనకు తిరిగి ఇచ్చారు. అంత పెద్ద గ్యాలరీకే తప్పలేదు. అమెరికా తీసుకెళ్లే పిల్లలకు ఇంకో మాట: కొత్త విగ్రహమే అయినా పాతదానిలా రంగు వేసి ఉంటే విమానాశ్రయంలో ఆపొచ్చు. బిల్లు దగ్గరుంచుకోండి. అనుమానముంటే ఇది పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ ముందే తీసుకోండి. బ్యాంకాక్‌లో కొని తెచ్చుకునేవాళ్లకు అక్కడి లలితకళల శాఖ అనుమతి కావాలి, అది షాపువాణ్ణే తెప్పించమనండి.

నిలబెట్టడం, వెలుగు

బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. అడుగు ఎత్తు రాతి బుద్ధుడు 12 నుంచి 15 కిలోలుంటాడు. ఎత్తు ఒకటిన్నర రెట్లయితే బరువు మూడు రెట్లు దాటుతుంది. అంటే ఒకటిన్నర అడుగు విగ్రహం 40 నుంచి 50 కిలోలుంటుంది. గోడకు బ్రాకెట్లు కొట్టి పలక వేస్తే దాని మీద అడుగు రాతి విగ్రహం వరకు ఇటుక గోడ మోస్తుంది, జిప్సం బోర్డు పార్టిషన్ మొయ్యదు. పెద్దదైతే నేల మీంచి లేచే దిమ్మ కట్టించండి, లేదా నాపరాతి పలకలతో పెట్టెలా పేర్పించండి. మా పక్క నాపరాళ్లకు కొదవ లేదు, ఖర్చూ తక్కువ. పీఠం కింద పలచటి రబ్బరు షీటు వేస్తే జారదు, గీతలు పడవు.

దీపాల విషయంలో బొమ్మలేసేదాన్ని కాబట్టి కాస్త గట్టిగా చెప్తాను. కింది నుంచి లైటు వేయొద్దు. కనుబొమ్మల పైకి నీడలు పాకి, శాంతమూర్తి ముఖం దెయ్యాల సినిమాలో ముఖమవుతుంది. వెనక కిటికీ ఉంటే పగలంతా నల్లటి ఆకారమే తప్ప ముఖం కనపడదు. ముందువైపు పైన, కాస్త పక్కకి, పసుపు వెలుగు ఇచ్చే 3 వాట్ల చిన్న బల్బు చాలు. 2700 కెల్విన్ అని డబ్బా మీద రాసి ఉన్నది తీసుకోండి. పొద్దున పూట పక్క కిటికీ వెలుగు పడే చోటు దొరికితే బల్బూ అక్కర్లేదు. మడతలన్నీ ప్రాణం పోసుకుంటాయి. రంగురంగులు మారే ఎల్‌ఈడీ స్ట్రిప్ చుట్టడం మీ ఇష్టం, నన్ను మాత్రం చూడ్డానికి పిలవొద్దు.

పూజగదిలో మిగతా దేవుళ్లతో కలిపి పెట్టొచ్చా? అంబేడ్కర్ దారిలో నడిచే నవయాన బౌద్ధుల ఇళ్లల్లో పెట్టరు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో బుద్ధుణ్ణి విష్ణువు అవతారంగా ఒప్పుకోనన్నది ఒకటి. మీరు ఆ దారివాళ్లు కాకపోయినా నేను వేరే చోటే సూచిస్తాను. కారణం మామూలుదే. పూజగదిలో నిలబడి చేసే పనులెక్కువ, కూర్చునే చోటు తక్కువ. నూనె, పసుపు, కుంకుమ, హారతి మసి, అన్నీ ఆయన మీద పడతాయి.

మొదటి రోజు, ప్రతి రోజూ

ప్రాణప్రతిష్ఠ లాంటిది తప్పనిసరి కాదు. శ్రీలంకలో గుడి విగ్రహానికి కళ్లు దిద్దే తంతు ఉంది. చిత్రకారుడు విగ్రహం వైపు నేరుగా చూడకుండా, అద్దంలో చూస్తూ కళ్లు గీస్తాడు. ఇంటికి అంత అక్కర్లేదు. మా ఇళ్లల్లో భంతేని, అంటే బౌద్ధ భిక్షువుని, పిలుస్తాం, వీలుకాకపోతే ఇంట్లో పెద్దవాళ్లే "నమో తస్స భగవతో అరహతో సమ్మాసంబుద్ధస్స" అని మూడుసార్లు చెప్పి, త్రిశరణాలు, పంచశీల చదువుతారు. కొవ్వొత్తి, అగరొత్తి, పూలు. వైశాఖ పున్నమి దాకా ఆగాలని కూడా లేదు. సికింద్రాబాద్ చుట్టుపక్కలవాళ్లకు సందేహాలుంటే మహేంద్ర హిల్స్‌లో ఆనంద బుద్ధ విహార ఉంది, వెళ్లి భిక్షువుల్ని అడగొచ్చు.

రోజూ ఒక గ్లాసు మంచినీళ్లు, నాలుగు పూలు పెడితే సరిపోతుంది. టిబెట్ పద్ధతివాళ్లు ఏడు గిన్నెల్లో నీళ్లు పోస్తారు. ఎడమ నుంచి కుడికి నింపుతారు, గిన్నెకీ గిన్నెకీ మధ్య బార్లీ గింజంత సందు వదులుతారు, సాయంత్రం ఒంపేసి బోర్లిస్తారు. పూలు పెట్టేటప్పుడు పాళీలో ఒక గాథ చెప్తారు, చివర "పుప్ఫం మిలాయాతి యథా ఇదం మే, కాయో తథా యాతి వినాసభావం" అని వస్తుంది. ఈ పువ్వు వాడినట్టే నా ఒళ్లూ వాడుతుందని. అలాగని వాడినవి మూడు రోజులుంచకండి. బంతిపూల రెక్కలు తడికి కుళ్లితే సున్నపురాతి పీఠం మీద పసుపు మరక పడుతుంది, అది పోదు.

అగరొత్తులు విగ్రహానికి అడుగు దూరంలో, ఇసుక పోసిన గిన్నెలో గుచ్చండి. మూసిన గదిలో మూడు వెలిగించి ఊపిరి మీద ధ్యాస పెట్టాలంటే దగ్గు తప్ప ఏమీ రాదు. కిటికీ తెరవండి, ఒకటి చాలు.

తుడవడం

ఇదొక్కటి గట్టిగా గుర్తు పెట్టుకోండి: సున్నపురాతికి, పాలరాతికి పులుపు తగలకూడదు. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, బాత్రూం యాసిడ్, ఏదైనా సరే. సున్నపురాయి మీద నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా బుడగలొస్తాయి. ఆ బుడగలు రాయి కరిగిపోతున్న గుర్తు. శిల్పి అరచేత్తో నొక్కి లాగిన ఆ రెప్ప గీత ఉన్నది అంగుళంలో ఎన్నో వంతు లోతులోనే కదా. పండక్కి ఇత్తడి సామాన్లు తోమే ఊపులో పనమ్మాయి చింతపండు గుజ్జు పూసిందంటే నిమిషంలో గరుకెక్కిపోతుంది. ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి. రాతికి మెత్తటి పెయింటు బ్రష్‌తో దుమ్ము దులపడం, నెలకోసారి మంచినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవడం చాలు. గుళ్లో నల్లరాతి మూర్తులకు నూనె రాస్తారు కదా అని లేతరంగు రాతికి రాయకండి, మరకలు మరకలుగా ఇంకిపోతుంది.

మెరుగుపెట్టిన ఇత్తడికి చింతపండు, పీతాంబరి పొడి పర్వాలేదు. కడిగాక పులుపు ఆనవాలు లేకుండా నీళ్లు పోసి, జుట్టు ఉంగరాల్లో, వేళ్ల మధ్య తడి లేకుండా పొడిగుడ్డతో అద్దాలి. లేదంటే వారంలో పచ్చటి కిలుం పడుతుంది. ముదురు గోధుమరంగు పాతదనపు ఛాయతో వచ్చిన కంచు విగ్రహాన్ని మాత్రం తోమొద్దు. ఆ రంగు కోసమే ఎక్కువ డబ్బులిచ్చారు. బంగారు పూత నేపాల్ విగ్రహానికి పొడి బ్రష్ తప్ప ఇంకేమీ వద్దు. రెజిన్‌ని సబ్బునీళ్లతో కడుక్కోవచ్చు, ఎండలో ఆరబెట్టకండి, పసుపెక్కుతుంది.

విరిగితే

మెడో చెయ్యో విరిగితే కంగారు పడి కాలవలో పడేసే అలవాటు మనకుంది. రెజిన్ నీళ్లల్లో కరగదు, ప్లాస్టర్ మీద వేసిన రంగులు నీళ్లను పాడుచేస్తాయి. అసలు విరిగింది ఇంట్లో ఉండకూడదన్న నియమం బుద్ధుడి విషయంలో ఎవరు పెట్టారు? ముక్కు లేని, చేతుల్లేని బుద్ధుళ్లను చూడ్డానికే కదా టిక్కెట్టు కొని లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్తాం. రాతి ముక్క శుభ్రంగా ఊడితే రెండు వైపులా దుమ్ము లేకుండా తుడిచి, రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు బియ్యపు గింజంత మధ్యలో పెట్టి, అదిమి, ఒక రోజు కదపకుండా గుడ్డతో కట్టి ఉంచండి. అంచుల దాకా జిగురు పూస్తే బయటికి పొంగి పసుపు గీత పడుతుంది. ముఖం చెడితే మీరు చెయ్యి పెట్టకండి, చెక్కినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి. అతకడానికి లేదనుకుంటే రాతి విగ్రహాన్ని పెరట్లో రావిచెట్టు మొదట్లోనో, తెలిసిన విహారలో బోధివృక్షం దగ్గరో అడిగి పెట్టొచ్చు. రెజిన్‌దైతే పాత గుడ్డలో చుట్టి పొడి చెత్తలో ఇచ్చేయండి.